మిగిలిన ముక్క

ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే భుజం ఎంత, నడుము ఎంత, ఏ చెయ్యి అరంగుళం పొడుగో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, ఆ ఎండాకాలం ఒక్క కాగితం పట్టుకుని రెండు రోజులు తెల్లమొహం వేశాను.

ఆ కాగితం మా అమ్మాయి ట్రైనింగుకి వెళ్ళబోయే ఆఫీసు నుంచి వచ్చింది. భవనాలకి నక్షాలు గీసే ఆఫీసు అది. పిల్లది కాలేజీలో ఆఖరి సంవత్సరం. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఆఫీసు, అలా మూడు నెలలు. దాని క్లాసు నుంచి ముగ్గురిని తీసుకున్నారు. మూడు నెలలయ్యాక ఉద్యోగం ఇచ్చేది ఒక్కరికే. ఆ ఒక్కరూ మా పిల్లే కావాలని ఎంత గట్టిగా అనుకున్నానంటే, దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ అడక్కపోయినా చెప్పాను.

మా ఇంటి ముందుగదే దుకాణం. గుమ్మం పక్కన మిషను, మధ్యలో కత్తిరించే బల్ల, కిటికీ దగ్గర మా అత్తగారి కుర్చీ. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేం ముగ్గురు ఆడవాళ్ళం. నేను కత్తిరించి కుడతాను. కాజాలు, గుండీలు, చేతికుట్లు అత్తగారివి. డెబ్బై దాటినా సూదిలో దారం ఎక్కించడానికి ఎవర్నీ పిలవరు. నోరు కూడా సూదికి తీసిపోదు.

"ఏం రాశారో చదవవే," అన్నాను మిషను ఆపి.

"దుస్తులు స్మార్ట్ క్యాజువల్‌గా ఉండాలి," చదివింది పిల్ల.

"అంటే?"

"మరీ పెద్ద ఆఫీసరులా ఉండకూడదు. మరీ ఇంట్లోంచి లేచి వచ్చినట్టూ ఉండకూడదు. చిరుగుల జీన్సు వద్దు, రాతల టీషర్టు వద్దు, చెప్పులు వద్దు. చూస్తే శ్రద్ధగా తయారైనట్టు ఉండాలి గానీ, తయారవడానికి తంటాలు పడ్డట్టు తెలియకూడదు."

"ఆఖరిది కాగితంలో ఉందా, నువ్వు కలిపావా?"

"మా సీనియర్ చెప్పింది."

అత్తగారు కాజా మీంచి తల ఎత్తలేదు. "మా రోజుల్లో దాన్ని రెంటికీ చెడ్డ రేవడి అనేవాళ్ళు. ఒసే గజంబద్దా, శుభ్రంగా ఉతికింది వేసుకుని పో. నక్షా నువ్వు గీస్తావా, నీ చొక్కా గీస్తుందా?"

పిల్ల పొడుగ్గా సన్నగా ఉంటుందని ఆవిడ దాన్ని గజంబద్ద అనే పిలుస్తారు. మామూలుగా అయితే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

"నీకు తెలియదు నానమ్మా. మాతో వస్తున్న ఇంకో అమ్మాయికి ఇంటినిండా బట్టలే. మొదటిరోజు గుమ్మంలో చూసి సగం నిర్ణయం చేసేస్తారట. కాలేజీలో అదే బట్టలతో కూర్చోవాలి, అటునుంచటే ఆఫీసుకి పోవాలి. మార్చుకునే టైము ఉండదు."

నాకు చురుక్కుమంది. దర్జీదాని కూతురు బట్టల దగ్గర వెనకబడితే ఇంక నేనెందుకు, నా కత్తెరెందుకు?

"నేను కుడతా," అన్నాను. "నీ పక్కన ఆ అమ్మాయి గోడకి ఆరేసిన గుడ్డలా కనపడకపోతే అప్పుడడుగు."

మర్నాటినుంచి నాలుగు రోజులు కాలేజీ గేటు ఎదురుగా బస్సు షెల్టరులో కూర్చున్నాను. వచ్చేపోయే పిల్లల్ని, పాఠాలు చెప్పేవాళ్ళని చూశాను. చొక్కా చేతులు రెండు మడతలు పెడితే ఒకలా ఉంటుంది, మూడు పెడితే పనికి దిగినట్టుంటుంది. ప్యాంటు చీలమండ దగ్గర ఆగితే చురుగ్గా ఉంటుంది, అంతకన్నా పైకి పోతే పొట్టైపోయినట్టుంటుంది. కోటు వేసుకున్నవాళ్ళలో బాగున్నవాళ్ళందరి కోట్లకీ భుజాల దగ్గర దూది లేదు. మూడోరోజు గేటు దగ్గర వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఎవరమ్మా మీరు? రోజూ వచ్చి పిల్లల్ని చూస్తున్నారు?"

"పిల్లల్ని కాదయ్యా, బట్టల్ని."

"బట్టలు చూడాలంటే కొట్టుకెళ్ళాలి గానీ!"

"కొట్లో బట్టలు నడవవు నాయనా," అన్నాను. దర్జీదాన్నని, దుకాణం ఎక్కడో చెప్తే అతను నన్నో రకంగా చూసి వెళ్ళిపోయాడు.

ఏం కుట్టాలో తేలింది. రెండు తెల్ల చొక్కాలు, ఒక నల్ల ప్యాంటు, వాటి మీదికి ఒక కోటు. లోపల అస్తరు లేని కోటు, మెత్తటి భుజాలు, పైన అతికిన జేబులు. కాలేజీలో గుండీలు విప్పుకుని చేతులు పైకి తోసుకుంటే పిల్లల్లో పిల్ల. ఆఫీసు మెట్లెక్కేముందు చేతులు దించి ఒక్క గుండీ పెట్టుకుంటే ఉద్యోగస్తురాలు. మనిషి మారక్కర్లేదు, బట్ట మారక్కర్లేదు. ఆ కోటు ఆలోచన వచ్చినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

దానికి తగ్గ గుడ్డ మాత్రం బజారంతా తిరిగినా దొరకలేదు. దొరకలేదేమిటి, ఇంట్లోనే ఉంది.

అప్పట్లో ఒక కాంట్రాక్టరు దగ్గర యూనిఫారాలు తీసుకుని కుట్టేదాన్ని. గుడ్డ తాను తెచ్చి పడేస్తాడు, కొలతల జాబితా ఇస్తాడు, మేం కత్తిరించి కుట్టి కట్టలు కట్టి ఇస్తాం. ఏ కంపెనీకో చెప్పడు. చెబితే మేం నేరుగా వెళ్ళి అతని పని లాగేసుకుంటామని భయం. అతనికి మేం నలుగురం దర్జీలం. ఎవరి కుట్టు ఊడితే వాళ్ళని తిట్టడానికి వీలుగా కాలరు లోపల తలా ఒక రంగు దారంతో ముడి వేయాలి. నాది ఎరుపు. ఎన్నేళ్ళుగా వేస్తున్నానంటే, కాలరు అయ్యేసరికి నా చెయ్యి దానంతటదే ఎర్రదారం కోసం పోతుంది.

మా పనిలో రాతకోతలు లేని పద్ధతి ఒకటుంది. మిగిలిన ముక్క కత్తెర పట్టినదానిది. సర్ది సర్ది కత్తిరించి మిగుల్చుకున్నందుకు అది మా హక్కు. ఈసారి తానుతో పాటు కాంట్రాక్టరు ఒక కాగితం తెచ్చాడు.

"గుడ్డ వాళ్ళకోసం ప్రత్యేకంగా నేయించుకున్నారు వదినా. ముక్క కూడా బయటికి పోకూడదట. ఊరికే ఒక సంతకం పడెయ్యి."

"ముక్కలు కూడా తిరిగివ్వాలా?"

"అబ్బా, నిన్నెవరడిగారు వదినా! సంతకం చెయ్యమన్నా," అని నవ్వాడు. చేశాను.

ఆ గుడ్డ మబ్బురంగుది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంటే మధ్యలో సన్నటి నీలం పోగు. నలిపి వదిలితే ముడత నిలవదు. యూనిఫారానికి అంత మంచి గుడ్డ పెట్టిన మహానుభావులెవరా అనుకున్నాను. నలభై మందికి రెండేసి, ఎనభై జతలు నేనొక్కదాన్నే కుట్టాలి. డెబ్బై తొమ్మిది కత్తిరించాక బల్ల మీద పరిచి చూశాను. ఆఖరి జత కత్తిరిస్తే మిగిలే ముక్క కోటుకి చాలదు. కోటు ముందు కత్తిరిస్తే ఆఖరి జత రాదు.

కోటే ముందు కత్తిరించాను.

మాలో ఇది కొత్త కాదు. ఒకటి తక్కువైతే వచ్చే తానులో ఒకటి ఎక్కువ వేసి సర్దుతాం. కాంట్రాక్టరుకీ తెలుసు. కట్టలు లెక్కపెట్టుకుంటాడు గానీ విప్పి చూడడు. ఆఖరి కట్టలో ఒక్క జతే పెట్టి, పైన చీటీ మీద మాత్రం రెండు అనే రాశాను.

"డెబ్బై తొమ్మిదేగా ఉన్నాయి?" అన్నారు అత్తగారు, గుండీలు కుట్టింది ఆవిడే కాబట్టి.

"వచ్చే తానులో వేస్తా అత్తయ్యా. ఎప్పుడూ చేసేదేగా."

"ఎప్పుడూ చేసేదే," అని దారం పంటితో తెంపారు.

కోటు ఎంత బాగా కుదిరిందో నేను చెప్పుకోకూడదు గానీ, చెప్తాను. నేను కుట్టిన కోట్లు వెయ్యి ఉంటాయి, అంత బాగా ఒక్కటీ రాలేదు. పిల్ల అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. చేతులు పైకి తోసుకుంది, దించింది, గుండీ పెట్టుకుంది. "అమ్మా, ఇది నేనేనా?" అంది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, "గజంబద్దకి తొడుగు వేసినట్టుంది," అన్నారు. దిష్టి తగులుతుందని అలా అన్నారని నాకు తెలుసు.

మొదటి రెండు నెలలు మా ఇంట్లో మాటలకి లోటు లేదు. సాయంత్రం వచ్చి పిల్ల అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. మేనేజరమ్మ మొదటిరోజే కోటు చూసి ఎక్కడ కొన్నావు అని అడిగిందట. బజార్లో అని చెప్పిందట ఇది.

"అదేమిటే? మా అమ్మ కుట్టిందని చెప్పొచ్చుగా?"

"ఇంట్లో కుట్టిందంటే ఒకలా చూస్తారమ్మా. కొన్నదంటే ఒకలా చూస్తారు."

నొచ్చుకున్నాను. నా కుట్టు కొన్నదానిలా ఉన్నందుకు లోపల ఒక మూల మురిశాను కూడా. ఆ మురిపెమే కొంప ముంచింది.

నాలుగో అంతస్తు అక్క గురించి కూడా అప్పుడే చెప్పేది. ఆవిడ ఆ అంతస్తంతా తుడిచి, బల్లలు సర్ది, టీలు అందిస్తుందట. మొదటిరోజు ఇది వణుకుతూ లిఫ్టు దగ్గర నిలబడితే ఆవిడే చీపురు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, దీని కాలరు సరిచేసి, "ఇప్పుడు వెళ్ళమ్మా, నీకేం తక్కువ?" అందట. చల్లటి గాలి తగిలే బల్ల ఏదో చూపించిందట. "అక్క లేకపోతే మొదటివారమే పారిపోయి వచ్చేదాన్నమ్మా," అనేది పిల్ల.

తొమ్మిదో వారం సోమవారం పిల్ల ఇంటికొచ్చి కోటు విప్పి మేకుకి తగిలించింది. తగిలించిన తీరులోనే ఏదో అయిందని తెలిసింది.

"నువ్వు కుట్టిన యూనిఫారాలు ఎక్కడికి పోయాయో తెలుసా అమ్మా?"

"నాకెలా తెలుస్తుంది?"

"మా ఆఫీసుకి. ఇవాళ తుడిచేవాళ్ళు, టీలిచ్చేవాళ్ళు, అందరూ ఇదే గుడ్డ. నలభై మంది. నేను నలభై ఒకటో దాన్ని."

చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టేశాను.

"బయటినుంచి ఎవరో పెద్దాయన వచ్చాడు. తాగిన కప్పులు నా చేతిలో పెట్టి, 'ఇవి తీసెయ్యమ్మా' అన్నాడు. ఆ ఇంకో అమ్మాయి పడీపడీ నవ్వింది. తీసుకెళ్ళి కడిగి పెట్టాను. ఏం చెయ్యను మరి?"

"కప్పులు కడిగితే చేతులు అరిగిపోయాయా?" అన్నారు అత్తగారు.

"అరగలేదు నానమ్మా. ఉద్యోగం అరిగిపోతుంది."

"తెలిస్తే కుడతానటే నేను?" అని అరిచాను. నామీద నాకున్న కోపం దానిమీద అరిచాను. మర్నాటినుంచి అది వట్టి చొక్కాతో వెళ్ళింది. కోటు మేకుకే ఉండిపోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. గోటితో పోయిందిలే అనుకున్నాం.

శుక్రవారం సాయంత్రం వచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. నాలుగో అంతస్తు అక్కకి రెండు జతలు రావాలి, ఒక్కటే వచ్చిందట. కట్ట మీద రెండని ఉంది కదా అని విప్పి చూడకుండా సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళింది. మర్నాడు వచ్చి ఒకటే ఉందంటే ఎవరూ నమ్మలేదు. సోమవారంనాడు పిల్ల కుర్చీకి తగిలించిన కోటుని మేనేజరమ్మ చూసింది. అదే గుడ్డ. కాలరు లోపల అన్ని యూనిఫారాల్లో ఉన్నట్టే ఎర్రదారం ముడి.

నా చెయ్యి. నా పాడు చెయ్యి. కన్నకూతురి కోటుక్కూడా వేసేసింది.

"అక్క తన జత అమ్ముకుందని, దాన్ని విప్పి ఎవరో కోటు కుట్టి బజార్లో పెట్టారని, అది నేను కొన్నానని... అలా అనుకుంటున్నారమ్మా. నేను వేసుకున్నది ముందు, వాళ్ళకి పంచింది తర్వాత కదా అంటే, దానికీ కారణం చెప్తున్నారు. బట్టలు రెండు నెలల ముందే వచ్చి స్టోరులో ఉన్నాయట, ఆ తాళం కూడా అక్క దగ్గరే ఉండేదట. సోమవారం నన్ను అడుగుతారు, ఎవరి దగ్గర కొన్నావని."

నేను లేచి మేకుకున్న కోటు కాలరు తిప్పి చూశాను. తర్వాత పిల్లే అంది, "నువ్వు కుట్టావని చెప్పేస్తానమ్మా."

నేను కాంట్రాక్టరుకి ఫోను చేశాను. అతను మొత్తం విననే లేదు. "నోరెత్తకు వదినా. కాగితం మీద నీ సంతకం ఉంది. ముక్క బయటికి పోయిందంటే నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది. నీ పిల్ల అక్కడే ఉందన్నావుగా? దొంగగుడ్డ కట్టుకుని రోజూ వచ్చిందంటారు. నీ ఇష్టం మరి," అని పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం ఆ ముందుగదిలోనే కూర్చున్నాం. తలుపు వేసేశాను. ఉక్కపోత. ట్రైనింగు అయిపోవడానికి ఇంక మూడు వారాలుంది. ఆఫీసు తీసుకున్న ముగ్గురిలో ఒకడు అప్పటికే మానేశాడు. మిగిలింది మా పిల్లా, ఆ నవ్వినమ్మాయీ.

"నేనేం చెప్పనమ్మా?" అంది పిల్ల.

మేకుకి ఉన్న కోటు వంక చూశాను. "బజార్లో కొన్నానని అన్నావుగా ముందు."

"అన్నాను."

"అలాగే ఉండనీ."

అంతే అన్నాను. ఎంతోమందిని దుమ్మెత్తిపోసిన నోరు నాది. ఆ రోజు దాన్లోంచి వచ్చింది ఆ రెండు మాటలే.

అత్తగారు చేతిలోని సూది ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆ తుడిచే పిల్ల సంగతి?"

"ఆవిడకి ఇంకో ఆఫీసు దొరుకుతుంది అత్తయ్యా. తుడిచే పని ఎక్కడైనా దొరుకుతుంది. దీనికి ఇంకోటి దొరుకుతుందా?"

"దొంగ అని పేరు పెట్టి పంపిస్తే ఎక్కడ దొరుకుతుందే?"

"మనకేమవుతుంది ఆవిడ?" అని అరిచాను. "మనకేమవుతుందని ఇల్లు తగలబెట్టుకోమంటారు?"

అత్తగారు మనవరాలి వైపు తిరిగి, "నువ్వు చెప్పవే గజంబద్దా," అన్నారు. పిల్ల నేల వంక చూస్తూ కూర్చుంది. కానీ దాని భుజాలు దిగాయి. రెండు రోజులుగా చెవుల దాకా బిగించుకున్న భుజాలు, నేను 'అలాగే ఉండనీ' అనగానే అంగుళం మేర దిగాయి. కొలతలు తీసేదాన్ని, నా కంట పడకుండా పోదు. వద్దని నాతో పోట్లాడుతుందేమోనని కాసేపు చూశాను. పోట్లాడలేదు.

సోమవారం వెళ్ళి, దారిలో ఎవరో బండి మీద అమ్ముతుంటే కొన్నానని చెప్పింది. మంగళవారం నుంచి నాలుగో అంతస్తుకి అక్క రాలేదు.

పది రోజులకి కాంట్రాక్టరు అదే గుడ్డ ఇంకో తాను తెచ్చాడు. కొత్తగా చేరినవాళ్ళకి పది జతలు. జాబితాలో ఒకరి కొలతల పక్కన నాలుగో అంతస్తు అని ఉంది. పదకొండు కుట్టాను. కట్టలు తీసుకుంటూ అతను, "ఒకటి ఎక్కువుందే?" అన్నాడు.

"పాతది."

"ఓహో. అయితే సరిపోయిందిలే," అన్నాడు.

అవును మరి, సరిపోయింది. ఆ పదకొండింటికీ కాజాలు నేనే కుట్టుకున్నాను. అత్తగారు కళ్ళు కనపడ్డం లేదన్నారు. ఎదురింటావిడ చొక్కాకి మాత్రం గుండీ కుట్టి ఇచ్చారు, నేను చూస్తుండగానే. అడిగితే ఏమంటారో తెలుసు కాబట్టి అడగలేదు. నాతో మాటలు కూడా తగ్గించేశారు. అన్నం పెడితే తినేవారు, పిలిస్తే చూసేవారు.

ఉద్యోగం మా పిల్లకే వచ్చింది. ఆ కాగితం బల్ల మీద పెట్టి, "వచ్చిందమ్మా," అంది. ఆ గొంతులో సంతోషం కోసం నేను వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటినెల తిరక్కుండానే పెద్ద కొట్టుకెళ్ళి నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు కొనుక్కుంది. ఒక ప్యాంటు నడుము దగ్గర వదులుగా ఉంది. కొంచెం పట్టించనా అని అడిగాను. "పరవాలేదమ్మా, బెల్టు పెట్టుకుంటా," అంది. పరాయివాళ్ళతో అన్నంత మర్యాదగా అంది. కోటు మేకుకి దుమ్ము పడుతుంటే ఒకరోజు నేనే తీసి పెట్టె అడుగున పడేశాను.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం ఒకావిడ గుడ్డ పట్టుకుని వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికుంది, బరువు మోసేవాళ్ళకి ఉన్నట్టు.

"అక్కా, ఒక హోటల్లో పనికి పిలిచారు. వచ్చినవాళ్ళని పలకరించి గదులు చూపించే పని. ఈ గురువారం మాట్లాడతారట. వేసుకునేవాటి గురించి ఏదో రాశారు, నాకర్థం కాలేదు. మీరు ఇలాంటివి బాగా కుడతారని కాలేజీ దగ్గర వాచ్‌మన్ చెప్పాడు."

కాగితం తీసింది. అదే మాట. స్మార్ట్ క్యాజువల్.

"నేను ఇంతకుముందు చేసిన ఆఫీసులో ఒక పిల్ల ఉండేది. కోటు వేసుకునేది, మబ్బురంగు, అస్తరు లేకుండా. కాలేజీనుంచి వస్తూ లిఫ్టు దగ్గర చేతులు కిందికి దించుకునేది. ఎంత బాగుండేదో! అలాంటిది కుడతారా? గుడ్డ మాత్రం నాది ఇది, గోధుమరంగు."

టేపు నా చేతిలోంచి జారింది. వంగి తీసుకున్నాను. కిటికీ దగ్గర అత్తగారు తల ఎత్తారు.

"ఆ ఆఫీసు ఎందుకు మానేశావమ్మా?" అని ఆవిడే అడిగారు.

"మానలేదమ్మా, తీసేశారు. యూనిఫారం అమ్ముకున్నానన్నారు. ఆ పిల్ల కోటు అదేనన్నారు. తనకేం తెలుసు పాపం, బండి మీద కొన్నానంది. స్టోరులోంచి ఎవరో తీసుంటారు. నా ఖర్మ." నవ్వడానికి చూసింది. "ఈ పనికీ పాత ఆఫీసు వాళ్ళనడుగుతారేమోనని భయంగానే ఉంది. కనీసం చూడ్డానికైనా బాగుండాలి కదక్కా."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. గదిలో ముగ్గురమే ఉన్నాం. చెప్పడానికి బదులు కొలతలు తీశాను. డబ్బులేం వద్దు, పని దొరికాక చూద్దాం అన్నాను. "వద్దక్కా, ఊరికే వద్దు," అంది. ఆ రెండు రోజులు మిగతా పనంతా పక్కన పెట్టి ఆ కోటు కుట్టాను. భుజాల తేడా తెలియకుండా ఎడమవైపు లోపల సన్నటి పట్టీ వేశాను. ఇంత మంచి కోటు కుట్టి ఇస్తే నా పాపంలో కొంతైనా పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. చేతులు ఇంకా అతకని కోటుని సరిచూసుకోవడానికి బుధవారం రమ్మన్నాను.

వచ్చింది. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఆవిడ మొహం వెలిగింది. "అచ్చం అలాగే ఉందక్కా!" అంది. విప్పి, లోపలి కుట్టు చూద్దామని కాలరు తిప్పింది. అలాగే ఆగిపోయింది.

ఎర్రదారం ముడి. అలవాటైన చెయ్యి మళ్ళీ వేసేసింది.

"నాకిచ్చిన యూనిఫారంలో ఇలాగే ఉండేది," అంది మెల్లగా. "అవి మీరే కుట్టారా?"

"అవును."

కోటు చేతిలోనే ఉంది. అద్దంలోంచి నన్ను చూస్తోంది. "ఎన్ని జతలిచ్చారక్కా?"

ఎనభై అనడానికి నోరు తెరిచాను. నిజంగానే అదే అనబోయాను.

"ఒకటి తక్కువమ్మా," అన్నారు అత్తగారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మరి ఆ పిల్ల కోటు?"

"మా అమ్మాయి," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆవిడ తిట్టలేదు. దొంగ అని ఎవరెవరి చేత అనిపించుకుందో, ఇన్నాళ్ళు ఏం తిందో ఏదీ అనలేదు. కోటుని బల్ల మీద పెట్టి, సంచీ తెరిచింది.

"నా గుడ్డ నాకిచ్చెయ్యండి."

"రేపే కదా నీకు... చేతులు ఒక్కటే మిగిలాయి. గంటలో కుట్టేస్తాను చెల్లీ, కూర్చో."

"ఇచ్చెయ్యండి."

కోటు మడిచి ఇచ్చాను. కత్తిరించి పెట్టిన చేతులు రెండూ ఇచ్చాను. సంచీలో పెట్టుకుంది, కానీ కదల్లేదు.

"మిగిలిన ముక్కలు కూడా."

బల్ల మీదున్నవి ఏరాను. మిషను కిందున్నవి, కుర్చీ కాలి కిందున్నవి, బొటనవేలంత ముక్కతో సహా మోకాళ్ళ మీద కూర్చుని ఏరి ఆవిడ చేతిలో పోశాను.

"ఇంకా ఉన్నాయా?"

"లేవమ్మా. అంతే."

ఆవిడ వంగి మిషను కింద తనే ఒకసారి చూసుకుని వెళ్ళింది.